కడిగిన ఈగల డబ్బాలు

విదేశాలకు నారింజలు పంపాలంటే నారింజలు పండిస్తే చాలదు. ఆ సంగతి కోడలికి అనుభవం మీద తెలిసింది. చేతులు కడుక్కునే చోట సబ్బుందా, ప్యాకింగ్ షెడ్డులో బల్బులకు మూతలున్నాయా, పనివాళ్ల చొక్కాలకు ఊడిపోయే గుండీలున్నాయా అని అడుగుతారు. పనివాడి గుండీకీ నారింజ పండుకీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. అన్నీ బాగున్నాయని ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటేనే పెట్టెలు ఓడెక్కుతాయి. లేదంటే పంటంతా జ్యూసు ఫ్యాక్టరీకే. అక్కడ చంటిబిడ్డలా సాకిన పండునూ, కుళ్లి రాలిన పండునూ ఒకే తొట్టిలో పోసి పిండేస్తారు. కిందటేడు అదే జరిగింది. షెడ్డులో అట్టపెట్టెలో కోడిపెట్ట గుడ్లు పెడుతూ దొరికిపోయింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

అందుకే ఈ ఏడు కోడలు కంకణం కట్టుకుంది. కోడిపెట్ట పక్కింటికి వెళ్లిపోయింది. తరవాత వంతు అత్తగారిది.

"అత్తయ్యా, గాజులతో షెడ్డులోకి రాకండి. ఆ కత్తెర ముట్టుకోకండి, మందులో ముంచి పెట్టాను. అయ్యో, తువ్వాళ్లు అక్కడా ఆరేసేది?"

అత్తగారు తువ్వాళ్లు తీసి భుజాన వేసుకుంది. ఆ తోటలో సగం చెట్లు ఆవిడ చేత్తో నాటినవే. మొన్నమొన్నటిదాకా ఏ కాయ ఎప్పుడు కొయ్యాలో ఆవిడే చెప్పేది. ఇప్పుడు ఆవిడకు మిగిలింది వరండాలో కుర్చీ. ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంటికి పడదు. కుర్చీని తుడిచేది. కుర్చీ కింద నేల తుడిచేది. మళ్లీ కుర్చీని తుడిచేది. ఇద్దరి మధ్యా నలిగే మొగుడుగారు మోటారు దగ్గర పనుందంటూ జారుకునేవాడు. పాపం, ఆ మోటారుకు పుట్టి బుద్ధెరిగాక అంత సేవ ఎప్పుడూ జరగలేదు.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ బక్కపలచటి మనిషి. మాట మెత్తన, చూపు మాత్రం సూదే. సబ్బు తీసి వాసన చూశాడు. బల్బుల కింద నిలబడి పైకి చూశాడు. పనివాళ్లను వరసగా నిలబెట్టి గోళ్లు చూశాడు. ఎక్కడా వంక దొరకలేదు. కోడలు ఊపిరి పీల్చుకుంది.

"ఇక ఈగల డబ్బాలు చూద్దాం పదండి," అన్నాడు.

పండు ఈగ అని ఒక మాయదారి ఈగ ఉంటుంది. అది కాయలో గుడ్డు పెట్టిందా, లోపలంతా పురుగే. తోటలో ఆ ఈగ ఉందో లేదో తెలియడానికి చెట్లకు పసుప్పచ్చ డబ్బాలు వేలాడగడతారు. లోపల మందులో తడిపిన దూది ఉండ ఉంటుంది. ఆ వాసనకు ఈగ వచ్చి పడాలి. పడకపోతే మంచిదే. కానీ దారినపోయే చిన్నాచితకా పురుగులూ, దుమ్మూ, ధూళీ ఏదో ఒకటి ఉండి తీరాలి. అప్పుడే డబ్బా చాలాకాలంగా అక్కడే ఉందనీ, పని చేస్తోందనీ నమ్మకం.

ఇన్‌స్పెక్టర్ మొదటి డబ్బా మూత తీశాడు. లోపల కడిగిన ముత్యంలా మెరిసిపోతోంది. రెండోది తీశాడు. అదీ అంతే. మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

"ఇవి ఎప్పుడు కట్టారమ్మా?"

"పూత రాకముందేనండి."

"మరి నిమ్మకాయ సబ్బు వాసన వస్తోందేంటి?"

కోడలు నాలుగో డబ్బా మూత తీసి తనూ వాసన చూసింది. ఈలోగా అత్తగారు వరండా దిగి నవ్వుతూ రానే వచ్చింది.

"బాగున్నాయా బాబూ? నిన్నంతా కూర్చుని తోమాను. లోపల దూది ఉండలు కంపు కొడుతుంటే అవీ పీకి పారేశా. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే చచ్చిన పురుగులు చూపిస్తామా? పరువు పోదూ."

ఇన్‌స్పెక్టర్ చేతిలోని డబ్బాకు మూత పెట్టేశాడు.

"అమ్మా, నేను ఇంత దూరం వచ్చింది ఆ పురుగుల్ని చూడ్డానికేనమ్మా," అన్నాడు.

కోపగించుకున్నా బాగుండేది. ఆ మనిషి మెత్తగా చెప్పాడు. కొత్త దూది పెట్టి మళ్లీ కట్టండి, రెండు వారాలాగి వస్తాను, అప్పటిదాకా సంతకం పెట్టలేను, కాయ చెట్టు మీద ఆగితే మీ అదృష్టం అని.

ఆయన కారు గేటు దాటిందో లేదో కోడలు విరుచుకుపడింది. "ఎన్నిసార్లు చెప్పాను అత్తయ్యా, దేన్నీ ముట్టుకోవద్దని. ఏడాది కష్టం బూడిదలో పోశారు. ఏం ముంచుకొచ్చిందని ఆ డబ్బాల జోలికెళ్లారు?"

"షెడ్డు వద్దన్నావు. కత్తెర వద్దన్నావు. బుట్టలు వద్దన్నావు," అంది అత్తగారు నెమ్మదిగా. "తోటలో ఇంక నువ్వు వద్దననివి ఆ డబ్బాలొక్కటే మిగిలాయమ్మా. కనీసం ఈ పనికన్నా పనికొస్తాననుకున్నా."

కోడలు ఇంకా అనవలసినవి చాలా ఉన్నాయి, అన్నీ వరసలో సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఆ మాట విన్నాక సిగ్గేసింది. మొగుడుగారు మోటారు వైపు ఒక అడుగు వేశాడు కానీ, కోడలు చూసిన చూపుకు ఆ కాలు అక్కడే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే కోడలు దూది ఉండలూ మందు సీసా తెచ్చి వరండాలో పెట్టింది. "రండత్తయ్యా, ఎలా కట్టాలో చూపిస్తాను," అంది. అత్తగారు గాజులు తీసి బల్ల మీద పెట్టి లేచింది.

ఆ రెండు వారాలూ నరకమే. గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, ఇద్దరూ కిటికీ దగ్గర. కాయ రాలిన చప్పుడైతే ఇద్దరి ప్రాణమూ ఉసూరుమనేది. అత్తగారు రోజూ డబ్బా డబ్బాకీ తిరిగి మూత తీసి చూసేది. లోపల దుమ్ము పేరుకుంటూంటే ఆవిడ మొహం చూడాలి, సొంత మనవడు బురదలో పొర్లుతున్నట్టే. చెయ్యి దానంతటదే గుడ్డ కోసం వెతికేది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని ఇంటికొచ్చేసేది.

ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చాడు. డబ్బాల్లో దోమలు, ఎండుటాకు ముక్కలు, ఒకదాంట్లో బొద్దుగా ఒక ఈగ. కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన దాన్ని భూతద్దంలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మామూలు ఈగే. తోట బాగుంది," అన్నాడు. "ఒక్క మాట. ఈ డబ్బాలకు బాధ్యత ఒక్క మనిషిదే అయ్యుండాలి. పోయినసారి జరిగింది మళ్లీ జరిగితే అనుమతి రద్దవుతుంది. ఎవరి పేరు రాసుకోను?"

కోడలు అత్తగారి వైపు చూసింది. ఏడాది కష్టం ఆ పేరు మీదే వేలాడుతోంది.

"మా అత్తయ్యదండి," అంది.

మొగుడుగారికి పొలమారింది. ఇన్‌స్పెక్టర్ అత్తగారి వైపు, ఆవిడ చేతుల వైపు కొంచెం భయంగానే చూశాడు.

"అమ్మా, రేపు పొద్దున డబ్బాలో ఇంత మురికి కనిపించింది. పక్కనే సబ్బుంది, నీళ్లున్నాయి. ఏం చేస్తారు?"

అత్తగారు తెరిచి ఉన్న డబ్బాలోకి చూసింది. ఆ దుమ్మునీ, ఆ చచ్చిన దోమల్నీ చూస్తుంటే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"మా కోడల్ని పిలుస్తాను బాబూ," అంది. "వచ్చి నా చేతులు పట్టుకోమంటాను."