ఒగుటు ఇల్లు

ఒడెరో మోకాళ్ళ దాకా బురదలో ఉన్నాడు. పేడ కలిపిన ఎర్రమట్టిని తొక్కి, కాలితోనే మడిచి, మళ్ళీ తొక్కుతున్నాడు. మడమల పగుళ్ళలో ఆ ఎరుపు ఏళ్ళుగా పోవడం లేదు. ఇది అతను కడుతున్న పదకొండో గుడిసె. మీసాలొచ్చిన కొడుకు తల్లి ఇంట్లో పడుకోకూడదు కనుక, సరస్సు ఒడ్డున బోండో చుట్టుపక్కల ఊళ్ళలో అతనికి పని తక్కువ కాదు.

"ఇవాళ పడక ఎవరి గుడిసెలో, అన్నా?" అన్నాడు వసోంగా. ఈ గుడిసె అతనిదే. ఇరవై నిండాయంతే.

"నీ గుడిసెలోనేరా. గోడలు ఆరనీ, నీకు పెళ్ళాం వచ్చేదాకా నేనే కాపురముంటా."

వసోంగా పడీ పడీ నవ్వాడు. ఒడెరో కాళ్ళకేసి చూసుకున్నాడు.

ఒడెరోకు ఇరవై ఆరు. సొంత గుడిసె లేక, ఎవరో ఒకరి గుడిసెలో పడుకుంటాడు. తండ్రి వాకిట్లో అన్న తన ఇంటికి గుంజ పాతకుండా తమ్ముడు పాతకూడదు. అన్న ఒగుటు మొంబాసా రేవులో మూటలు మోస్తూ ఏడేళ్ళుగా ఇటు రాలేదు.

"ఒక్కసారి వచ్చి నాలుగు గుంజలు పాతిపో అన్నా," అని ఒడెరో నెలనెలా ఫోన్లో అడుగుతాడు.

"వస్తాలేరా. పెద్దోడివైపోవాలని అంత తొందరేంట్రా నీకు?"

అమ్మ వంటపాక వెనక ఒడెరో గుంజలు రెండేళ్ళుగా ఆరుతున్నాయి. చెదలు పట్టకుండా అప్పుడప్పుడూ తిప్పుతుంటాడు. తన తలుపుకని సంతలో ముచ్చటపడి కొన్న ఇత్తడి తాళం నూనెగుడ్డలో చుట్టి జేబులోనే ఉంచుకుంటాడు. "వానల దాకా చూస్తా. తర్వాత మా అత్త చూపించినవాడే," అని అతను చేసుకోవాలనుకున్న అకేయో చెప్పేసింది. సరస్సు మీద మబ్బులు అప్పుడే దిగుతున్నాయి.

మధ్యాహ్నం తండ్రి వచ్చాడు. సైకిలు దిగకుండా ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు.

"ఒగుటు పోయాడురా. పొద్దున రేవులో మూటలు మీద పడ్డాయంట."

ఒడెరో కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి. ముందు గుర్తొచ్చింది అన్న ముఖం కాదు. ఇక నేను కట్టుకోవచ్చు, అనుకున్నాడు. అప్పుడు ఆగాయి కాళ్ళు. తండ్రి కళ్ళలోకి చూడలేకపోయాడు.

"శుక్రవారం తెస్తారు," అన్నాడు తండ్రి. "ఇల్లు లేనోణ్ణి ఎక్కడ దింపుతాం? ఒక్క రాత్రైనా వాడింట్లో వాడు పడుకోవాలి కదా. నీ గుంజలున్నాయిగా."

"ఉన్నాయి నాన్నా."

ఆ సాయంత్రమే పెద్దకొడుకు చోటులో మొదటి గుంజ పాతాడు.

శుక్రవారానికి గోడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఒగుటు ఒక్క రాత్రి అందులో పడుకున్నాడు. మర్నాడు పూడ్చాక అకేయో దగ్గరికొచ్చింది.

"ఇక నీ వంతేగా?"

"గుంజలైపోయాయి. కొత్తవి కొట్టి ఆరబెట్టాలి."

ఆమె తలూపింది. గేటు దగ్గర అత్త పిలిస్తే వెళ్ళిపోయింది.

"తలుపు మూసెయ్‌రా," అన్నాడు తండ్రి. "అందులో ఇంకెవరూ ఉండరు. దానంతటదే కూలాలి."

ఒడెరో జేబులోంచి నూనెగుడ్డ తీశాడు. వాన మొదలైంది. ఎవరూ తెరవని ఆ తలుపుకు వేలాడుతున్న కొత్త తాళం మీద చినుకులు నిలవకుండా జారిపోతున్నాయి.