సగం గీసిన హంసలు

హిందూపురం వెళ్లొచ్చి నాలుగు రోజులైంది. ఇప్పటికీ బంగారు రంగు కంట పడితే ముఖం తిప్పుకుంటున్నాను.

మాది ధర్మవరం. మా నాయన గంగాధరప్ప పట్టుచీరలు నేస్తాడు, నేను అంచులకు డిజైన్లు గీస్తాను. మా తాత కుళ్లాయప్ప గీసిన పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆయన లేపాక్షి గుడిలో వెల్లకిలా పడుకుని, పైకప్పు బొమ్మల్లోని ఆడవాళ్ల చీరల అంచుల్ని గళ్ల కాగితాల మీదికి దించుకున్నాడు. మొత్తం పదిహేను కాగితాలు. ప్రతి వరస పక్కనా ఎన్ని పోగులు లేవాలో ఎర్ర సిరాతో అంకెలు వేశాడు. ఆ అంకెల్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి తగిలిస్తే అంచు పడుతుంది. అంకెలు లేకపోతే అది ఉత్త బొమ్మ.

వాటిలో హంసల అంచంటే నాయనకు మహా ఇష్టం. దాని పాత అట్టల్ని చెదలు తినేశాయి. నాయన కళ్లు రోజురోజుకీ మసకబారుతున్నాయి, ఇక పెద్దగా బాగుపడవని డాక్టరు తేల్చి చెప్పాడు. చూపు పూర్తిగా పోకముందే కొత్త అట్టలు కొట్టించి, ఆ అంచు ఒక్కసారి నేయాలని ఆయన ఆశ. ఈ ఏడాది ఇంట్లో మేం పెట్టుకున్న పని అదొక్కటే.

అంతలో జయచంద్ర వచ్చాడు. పెనుకొండ వాడు, బెంగళూరులో ఫొటోలు తీస్తాడు. పాతకాలం రాతప్రతుల్లో పుటల చుట్టూ బంగారు పూతతో లతలు దిద్దేవారట. ఆ పద్ధతిలో పెనుకొండ కోట ఫొటోలనూ మా అంచులనూ కలిపి ప్రదర్శన పెడతానన్నాడు. పుస్తకాన్ని ఫొటో తీసుకుని నెలలో తెచ్చిస్తానన్నాడు. గోడ మీద మా తాత పేరుతో పాటు నా పేరు కూడా రాయిస్తానన్నాడు. నాయన తటపటాయిస్తుంటే, ఇవ్వు నాయనా అన్నది నేనే. పేరు మీద మోజు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

కాగితం రాయించుకోలేదేమని మీరు అడగొచ్చు. మా వీధిలో డిజైన్ చేతికిస్తే చేతికే తిరిగొస్తుంది. వాడుకున్నవాళ్లు పళ్లెంలో ఆకులు, వక్కలు, పసుపుకొమ్ము పెట్టి, వాటి మీద డిజైన్ పెట్టి తెస్తారు. పళ్లెం అందుకున్నామంటే ఆ సంగతి అక్కడితో ముగిసినట్టే, మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. పోనీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నామా అంటే అదీ లేదు. పొద్దున ఫోనులోకి ఎక్కిన డిజైన్ సాయంత్రానికి మరమగ్గాల వాళ్ల గ్రూపుల్లో తిరుగుతుందని నాయన మొదట్నుంచీ తీయనివ్వలేదు.

నెల అన్నవాడు ఐదు నెలలకు ఆహ్వానపత్రిక పంపాడు. ఇద్దరం బస్సెక్కాం. కండక్టరు పెనుకొండ అని అరిస్తే నాయన, "మన జయచంద్రప్ప వాళ్ల ఊరు" అన్నాడు, సొంత మనిషిని తలుచుకున్నట్టు.

హిందూపురంలో ఒక కల్యాణమండపాన్ని ప్రదర్శనకు తీసుకున్నారు. నాయన్ను ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టి నేను గోడలు చూడబోయాను. కోట గుమ్మం దగ్గర కట్టెలమోపుతో నిలబడ్డ ఆవిడ ఫొటో ఒకటి. ఆవిడ తల చుట్టూ బంగారు చక్రం దిద్దాడు. మెడలు వాలిపోయే బరువు మోస్తున్న మనిషికి ఆ చక్రం ఎందుకో నాకు అర్థం కాలేదు. చెట్ల ఫొటోలకు లతలు, రాళ్ల ఫొటోలకు లతలు, ఎక్కడ చూసినా మెరుపే.

చివరి గోడ మీద మా కాగితాలున్నాయి. వాటి ఫొటోలు కాదు, కాగితాలే. కుట్టు దగ్గర బ్లేడుతో కోసి, విడివిడిగా ఫ్రేములు కట్టించాడు.

మేం అంచు బొమ్మ సగమే గీస్తాం. రెండో సగాన్ని మగ్గమే తిప్పి వేసుకుంటుంది. హంసల కాగితంలో తాత ఖాళీగా వదిలిన కుడిపక్కన జయచంద్ర సొంతంగా బంగారు పక్షుల్ని పెట్టాడు. బాతులు అవి, అన్నం ఎక్కువై కదల్లేని బాతులు. ఎడమపక్క అంకెల వరస మీదుగా పైనుంచి కిందదాకా బంగారు తీగ పాకించాడు. మధ్యలో మా నాయన ముఖం ఫొటో అతికించాడు. కింద చీటీ: "అజ్ఞాత చిత్రకారుడు. శిథిలమైన సగం, పూరించిన స్వప్నం."

జయచంద్ర నవ్వుతూ వచ్చాడు. "ఎట్లుండాది మేడం?"

"అంకెల మీద రంగు పూసినావు."

"ఆ మరకలా? బొమ్మకు అడ్డంగా ఉన్నాయి మేడం."

"పూయకముందు ఫొటో తీసినావు కదా, అదన్నా ఇయ్యి" అన్నాను. ఫోను తీసి చూపించాడు. కాగితాన్ని చూపిస్తున్న నాయన వేలు స్పష్టంగా ఉంది. వెనక కాగితమంతా పొగమంచు.

"మసకే నా శైలి" అన్నాడు.

ఉమ్మేయాలనిపించింది. తివాచీ చూసి మింగాను. ఆ మర్యాద ఎందుకొచ్చిందో మరి.

నాయనకు చెబుదామని పరుగున వెళ్లేసరికి ఆయన్ను వేదిక మీదికి ఎక్కించేశారు. నెత్తిన తలపాగా పెట్టి, భుజాల మీద శాలువా కప్పారు. నలభై ఏళ్లు పట్టు నేసిన మనిషికి నైలాను శాలువా. జయచంద్ర పళ్లెం పట్టుకొచ్చాడు. ఆకులు, వక్కలు, పసుపుకొమ్ము, వాటి మీద నున్నగా మెరిసే పుస్తకం. ప్రదర్శన బొమ్మలు అచ్చేసినది. మా పద్ధతి మా ఇంట్లోనే అడిగి తెలుసుకుని, మా మీదికే తెచ్చాడు. నాయన అందుకుంటే అయిపోయింది. ఆ తర్వాత మేం అడగడానికి ఏమీ ఉండదు.

నాయన నవ్వుతూ చేతులు చాపాడు. వేళ్లు పుస్తకం మీద పడ్డాయి. అట్ట తడిమాడు, ఒక పుట తిప్పి బొటనవేలితో రుద్దాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇది కాదప్పా. మా నాయన కాగితం గరుగ్గా ఉంటాది. యాడ పెట్టినావు?"

"ఆడ, గోడకు ఉండాది అన్నా. అందరికీ చూపిస్తాండాము."

నాయన వేదిక దిగాడు. చేయి పట్టుకుని తీసుకెళ్లాను. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. "పాపా, అంకెలు నాకు కనపడవా, లేకుంటే లేవా?" అని మెల్లగా అడిగాడు.

"లేవు నాయనా."

నాయన ఫ్రేమును మేకు మీంచి తీసి చంకలో పెట్టుకుని మళ్లీ వేదిక ఎక్కాడు. పళ్లెంలోంచి మెరిసే పుస్తకం తీసి కుర్చీలో పడేసి, ఆకుల మీద ఫ్రేము పెట్టాడు. ఎదురుగా నిలబడి చేతులు చాపాడు.

"ఇప్పుడియ్యప్పా."

అందరి ఫోన్లూ అటే తిరిగి ఉన్నాయి. జయచంద్ర ఇవ్వక తప్పలేదు. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అన్నిటికంటే ఆ చప్పట్లే నాకు ఎక్కువ అసహ్యం. మిగతా పద్నాలుగు కాగితాలు ప్రదర్శన అయ్యాక పంపుతానన్నాడు. పంపినా అవీ ఇలాగే కదా.

బస్సులో నాయన ఫ్రేమును ఒళ్లోంచి దించలేదు. ఇంటికొచ్చాక, "తీగ కింద అంకెలు ఉంటాయిలే పాపా, తీసి చూడు" అన్నాడు.

వాకిట్లో ఎండలో కూర్చుని అద్దం విప్పాను. తడిగుడ్డకు ఊడలేదు. నాయన పక్కనే కూర్చుని, నేను చదివితే రాసుకుందామని పెన్ను, కాగితం పట్టుకున్నాడు. గోటితో మెల్లగా గీకాను. బంగారు పెచ్చు లేచింది. దాని వెనక, తిరగబడి, ఎర్ర సిరాతో వేసిన ఏడు అంటుకుని ఉంది. కాగితం మీద అది ఉన్నచోట తెల్లటి పీచు మిగిలింది.

"ఎంత?" అన్నాడు నాయన.

"ఏడు."

రాసుకున్నాడు. "తర్వాత?"

రెండో అంకె గీకితే పొడి పొడి అయింది. అది మూడో ఎనిమిదో తెలియలేదు. నాయన పెన్ను ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చేతికి అంటిన ఆ బంగారం కంపరం పుట్టిస్తోంది, లేచి వెళ్లి కడిగేసుకోవాలని ఉంది. కానీ తాత చేత్తో వేసిన ఏడు ఆ పెచ్చుతో పాటు నా గోటికింద ఉంది.