బెల్టు చివరి మూర

ఏడో బండి వెనక సీటు బెల్టు లాగుతుండగా క్రీస్తుదాసు చెయ్యి ఆగిపోయింది.

అప్పటిదాకా ఆ ఉదయం అన్ని ఉదయాల్లాగే నడిచింది. ఆరింటికి మొదలుపెట్టి ఆరు కార్లు కడిగాడు. బిట్రగుంట దాటాక హైవే పక్కనున్న ఆ పాత కార్ల యార్డులో బోరు నీళ్లు ఉప్పన. ఆరనిస్తే బండి మీద తెల్లటి చుక్కలు తేలతాయి. అందుకే ఒక చేతిలో పైపు, రెండో చేతిలో గుడ్డ. నీళ్లు పడిన చోటల్లా గుడ్డ వెంటపడాలి. పదకొండేళ్లుగా అదే పని.

అతనికి యాభై నాలుగేళ్లు. సన్నటి ఒళ్లు, ముందుకు వంగిన భుజాలు. వేళ్ల కొసలు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉంటాయి. రెండు మోకాళ్ల మీదా నల్లగా కాయలు కాచాయి. చర్చిలో కొత్తగా చూసినవాళ్లు ఈయన బాగా ప్రార్థన చేసే మనిషి అనుకుంటారు. నిజానికి అవి టైర్ల ముందు మోకరించి తెచ్చుకున్నవి.

బెల్టులను చివరికంటా లాగి తుడవడం అతని సొంత అలవాటు. ఎవరూ చెయ్యమనలేదు. లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి మూరని బండి కొన్నవాళ్లు కూడా జన్మలో చూడరు. అయినా అక్కడిదాకా తుడిస్తేనే అతనికి బండి కడిగినట్టు.

ఏడోది తెల్ల బండి. ఏడు సీట్లది. బుధవారం చెన్నై నుంచి లారీ మీద వచ్చింది. ఒక్క గీత లేదు, ఒక్క సొట్ట లేదు. లోపల సెంటు వాసన గుప్పుమంటోంది.

బెల్టు చివరి మూర దగ్గర అడ్డంగా మట్టిరంగు గీత ఉంది.

గీతకి ఇవతల బెల్టు నల్లగా, మెత్తగా ఉంది. అవతల రంగు వెలిసి, వేలికి గరగర తగులుతోంది. క్రీస్తుదాసు సీటు కింద కార్పెట్ అంచు పైకెత్తి వేళ్లు లోపలికి పోనిచ్చాడు. బయటికి తీస్తే వేళ్లకి పౌడరులా సన్నటి ఒండ్రు. స్టెప్నీ గుంటలో చూశాడు. అక్కడా అదే. ముక్కు దగ్గర పెట్టుకుంటే సెంటు వెనకాల నిలవనీటి వాసన.

అతను చేతులు కడుక్కోకుండానే అద్దాల గదిలోకి వెళ్లాడు.

"సార్, తెల్ల బండి నీళ్లలో మునిగింది."

యార్డు యజమాని శివశంకర్ ఫోన్‌లోంచి తలెత్తాడు. "ఎంతదాకా?"

"సీట్ల దాకా."

శివశంకర్ మొహం చూస్తే ఆ సంగతి అతనికీ ఇప్పుడే తెలిసిందని అర్థమైంది. ఫొటోలు చూసి వేలంలో కొన్న బండి. అమ్మినవాడు ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడు. శివశంకర్ రోడ్డు మీద పోయే లారీల వంక చూశాడు.

"బెల్టు కడుగు," అన్నాడు చివరికి.

క్రీస్తుదాసు కదల్లేదు.

"వినపడలా? బాగా సబ్బు పెట్టి కడుగు. కస్టమర్లు వస్తే నోరు తెరవబాక."

ఇంకొకరైతే అప్పుడే ఎదురుచెప్పేవాడేమో. కానీ మూడేళ్ల కిందట క్రీస్తుదాసు భార్య పుష్పకుమారికి ఆపరేషన్ రోజున రక్తం దొరక్కపోతే, భోజనం ముందు నుంచి లేచి కారేసుకుని వచ్చి చెయ్యి చాపి రక్తమిచ్చినవాడు ఈ శివశంకరే. క్రీస్తుదాసు బయటికి వచ్చాడు. షాంపూ నురగలో బ్రష్ ముంచి బెల్టు రుద్దాడు. నాలుగుసార్లు రుద్దితే గీత టీ మరకంత రంగుకి తగ్గింది. అయిదోసారి రుద్దినా అలాగే ఉంది. బెల్టు వదిలేశాడు. అది సర్రున లోపలికి వెళ్లిపోయింది.

పదకొండు గంటలకి ఆటోలోంచి భార్యాభర్తలు దిగారు. జువ్వలదిన్నె నుంచి వచ్చారు. భర్త చిన్నపోలయ్య వెడల్పాటి మనిషి, నడుం పట్టీ కట్టుకుని నిదానంగా నడుస్తున్నాడు. భార్య దుర్గ చంకలో గుడ్డసంచిని రెండు చేతులా అదుముకుంది. వస్తూనే సంగతి చెప్పేసింది.

"ఈయన నడుం పోయి వేటకి పోలేకుండా ఉన్నాడు. పడవలో మా వాటా అమ్మేసినాం. చేపలమ్మేవాళ్లం ఆరుమందిమి రోజూ తెల్లారి కావలి మార్కెట్టుకి పోవాల. ఆటోవాడు ఒకరోజొస్తే రెండ్రోజులు రాడు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నా. ఏడు సీట్ల బండి కావాల. ఈ డబ్బు పోతే మాకింక పడవా లేదు, బండీ లేదు."

"మీకోసమే ఉన్నట్టుండాయి రెండు," అన్నాడు శివశంకర్.

తెల్ల బండి పక్కనే బూడిదరంగుది నిలబెట్టి ఉంది. అదీ ఏడు సీట్లదే. తలుపు మీద పొడుగాటి గీత, వెనక బంపరుకి సొట్ట. కావలిలో ఒక మాస్టారు నాలుగేళ్లు వాడి ఇచ్చిన బండి. దాని అద్దం మీద ఏడు లక్షల తొంభై వేలని రాసిన కాగితం అంటించి ఉంది. తెల్లదాని మీద ఎనిమిది డెబ్భై.

"రెండూ ఒకేమాదిరి ఉండాయే?" అంది దుర్గ.

"చూసేదానికి అట్నే ఉంటాయక్కా. తెల్లదాని ముందు గుర్తు చూడండి. ఆ కంపెనీ పేరంటేనే ఒక మర్యాద. రేపు మీరు అమ్మినా రేటు నిలబడుద్ది."

చిన్నపోలయ్య అప్పటికే తెల్లదాని కింద దూరాడు. నడుంనొప్పి మర్చిపోయి వెల్లకిలా పడుకుని, పడవ అడుగుని చూసినట్టే వేలి కణుపులతో అంగుళం అంగుళం కొట్టి చూశాడు. తర్వాత బూడిదరంగుదాని కింద దూరాడు. బయటికి వచ్చి చొక్కా దులుపుకున్నాడు.

"తెల్లదానికి ఉప్పు తగల్లేదు మే. అడుగు గట్టిగా ఉంది. ముక్కుపెట్టి చూసినా ఉప్పు కంపు లేదు. ఆ బూడిదది మన గాలికే తిరిగినట్టుంది, అక్కడక్కడా తుప్పు మొదలైంది."

ఉప్పునీళ్లు ఇనుముని ఎట్లా తింటాయో అతనికి పుట్టుకతో తెలుసు. మంచినీళ్లు కూడా బండిని చంపుతాయని అతనికి ఎవరూ చెప్పలేదు. క్రీస్తుదాసు అక్కడే నిలబడి అద్దం తుడుస్తున్నాడు.

దుర్గకి మొగుడి మాట ఒక్కటే చాలలేదు. "సర్వీసు యాడ చేస్తారు?"

"తెల్లదానికి నెల్లూరులో. బూడిదదానికి కావలిలోనే."

"అంటే సర్వీసున్నప్పుడల్లా నెల్లూరికి పోవాల. ఆ రోజు మార్కెట్టు పోయినట్టే. సామాన్ల రేట్లు?"

"పేరుకి తగ్గట్టుంటాయి మరి."

"బాడుగకి తిప్పుకునేదానికి పసుపు బోర్డుకి మార్చాలంటే?"

"రెండిటికీ ఒకటే."

దుర్గ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది. "ఇంజన్ చూపించండి."

శివశంకర్ సైగ చేస్తే క్రీస్తుదాసు రెండు బానెట్లూ ఎత్తాడు. తెల్లదాంట్లో అద్దాలకి నీళ్లు పోసే డబ్బా మూతని గుడ్డతో తుడిచాడు. పక్కనున్న ప్లాస్టిక్ తొడుగుని తుడిచాడు. తర్వాత బూడిదరంగుదాంట్లో అవే రెండు చోట్లు తుడిచాడు. దుమ్ము పోయి, నాలుగు చోట్లా ఒకే గుర్తు బయటపడింది.

దుర్గ అటూ ఇటూ చూసింది. "తెల్లదాని కడుపులో కూడా బూడిదదాని కంపెనీ గుర్తే ఉందే!"

శివశంకర్ నవ్వేశాడు. "నువ్వు గట్టిదానివక్కా. ఒకే ఫ్యాక్టరీ, ఒకే అచ్చు. వీళ్లు చేసి ఇస్తే వాళ్లు తమ గుర్తు తగిలించి అమ్ముకుంటారు. అందరికీ తెలిసిందే."

"ఐతే గుర్తుకి ఎనభై వేలా? ఆ ముందర రేకు పీకి మీరే ఉంచుకోండి. మాకు ఎనభై వేలు తగ్గించండి."

శివశంకర్ ఒక్క నిమిషం ఆలోచించినట్టు నటించాడు. "సరే. పడవ అమ్ముకుని వచ్చినారు. తెల్లది కూడా ఏడు తొంభైకే తీసుకోండి. ఈరోజే అడ్వాన్సు ఇవ్వాల."

చిన్నపోలయ్య మొహం వెలిగిపోయింది. "ఇంకేం కావాల మే! అదే రేటుకి పెద్ద పేరు. గీత లేదు, సొట్ట లేదు. తియ్యి, సంచీ తియ్యి."

అంత తేలిగ్గా తగ్గుతాడని దుర్గ అనుకోలేదు. అయినా తగ్గాక వద్దనడానికి కారణం కనపడలేదు. సంచీ ముడి విప్పబోయింది. శివశంకర్ కాగితాలు తేవడానికి అద్దాల గదిలోకి వెళ్లాడు. చిన్నపోలయ్య తెల్లదాని డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని చుక్కానిలా పట్టుకున్నాడు.

దుర్గ క్రీస్తుదాసు వైపు తిరిగి, అతని చొక్కా జేబు మీద కుట్టిన పేరు చదివింది. "రాజ్ కుమార్ అన్నా."

"నా పేరు అది కాదమ్మా. నాకంటే ముందు పనిచేసిన పిల్లోడి చొక్కాలు ఇవి. మిగిలితే పదకొండేళ్ల కిందట నాకిచ్చినారు."

"పదకొండేళ్లా ఆ పేరుతోనే పిలిపించుకుంటున్నావా?" లోపలి నుంచి అడిగాడు చిన్నపోలయ్య. "నీకు కూడా వేరే కంపెనీ గుర్తు తగిలించినారే!"

క్రీస్తుదాసు నవ్వాడు. దుర్గ నవ్వలేదు.

"మరి నీ పేరేంది?"

యార్డుకి వచ్చిన కొనుగోలుదారుల్లో ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

"క్రీస్తుదాసు."

"క్రీస్తుదాసన్నా, రోజూ ఈ బండ్లని ముట్టుకునేది నువ్వు. నీ దగ్గర ఈ డబ్బే ఉంటే ఏది కొంటావు?"

అద్దాల గదిలో శివశంకర్ సొరుగు లాగి పెన్ను వెతుకుతున్నాడు. క్రీస్తుదాసు గుడ్డని పిండాడు. అందులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. అయినా ఇంకా పిండుతూనే ఉన్నాడు.

"నువ్వు ఒకసారి చివరి వరసలో కూర్చో అమ్మా," అన్నాడు మెల్లగా. "కూర్చుని బెల్టు లాగు. చివరికంటా లాగాల."

దుర్గ ఎక్కింది. లాగింది. బెల్టు వచ్చి వచ్చి, చివరి మూర బయటపడింది.

"ఏందిది? మరక?"

"పొద్దున నేనే కడిగినా. అయిదుసార్లు. పోలా."

ఆమె ఆ గీతని చూసింది. చెయ్యి చాపి ఎత్తు కొలుచుకుంది. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. నీళ్లు ఎంతదాకా లేస్తే ఎక్కడ గీత పడుతుందో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"మునిగిందా?"

క్రీస్తుదాసు తలూపాడు.

చిన్నపోలయ్య స్టీరింగ్ వదిలి వెనక్కి తిరిగాడు. "ఉప్పు లేదే! మంచినీళ్లే గదా?"

"మంచినీళ్లేనన్నా. వైర్లకి రెండూ ఒకటే. ఈరోజు బాగానే నడుస్తుంది. ఆర్నెల్లకి ఒక్కొక్కటీ చచ్చుబడతా వస్తాయి. దాన్ని బాగుచేసేదానికి మీరు ఇంకో పడవ అమ్మాల."

శివశంకర్ కాగితాలతో వచ్చేసరికి దుర్గ చివరి వరసలోనే కూర్చుని ఉంది. బెల్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఆ బూడిదది ఎంతకిస్తారు?" అంది దుర్గ. "గీత, సొట్ట, తుప్పు అన్నీ చూసి చెప్పండి. ఈసారి నటించబాకండి."

శివశంకర్ కాగితాల వంక చూసుకున్నాడు. "ఏడు నలభై," అన్నాడు.

మూడున్నరకల్లా డబ్బు, సంతకాలు అయిపోయాయి. చిన్నపోలయ్య బండి ముందు కొబ్బరికాయ కొట్టాడు. క్రీస్తుదాసు చిప్ప ముక్కలేమైనా ఉన్నాయేమో చూసి టైర్ల కింద నేల ఊడ్చాడు. అప్పుడు శివశంకర్ అతన్ని గదిలోకి పిలిచాడు.

"ఆ రోజు రక్తం ఇచ్చింది నేను దాసూ."

"మర్చిపోలేదు సార్. అందుకే పొద్దున కడిగినా."

శివశంకర్ కుర్చీని అటు తిప్పుకున్నాడు. "రేపట్నించి రాబాక."

"అట్నే సార్."

క్రీస్తుదాసు చొక్కా ఎత్తి, మొలతాడుకి కట్టుకున్న గేటు తాళంచెవిని విప్పాడు. ముడి తడిసి బిగుసుకుపోయింది. పంటితో లాగాల్సి వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు.

దుర్గ అతని మొహం చూసి సంగతి పట్టేసింది. "పంపించేసినాడా?"

"ఆయన తప్పేం లేదమ్మా. ఆయన్ని కూడా ఎవరో ముంచినారు."

"సరే, ఎక్కు. మా హార్బర్ కాడ చేపల వ్యాన్లు ఎన్నుండాయో తెలుసా? ఐసు నీళ్లు కారి, ఉప్పు పట్టి, కిందంతా రాలిపోతా ఉండాయి. పైన కడిగేవాళ్లే గానీ కిందకి దూరి కడిగేవాడు ఒక్కడు లేడు. మా ఇంటి పక్కనే మంచినీళ్ల బోరుంది. మా బండితోనే మొదలుపెట్టు."

"మంచినీళ్లంటే నాకిప్పుడు బయ్యంగా ఉంది మే," అన్నాడు చిన్నపోలయ్య.

క్రీస్తుదాసు పెద్దగా నవ్వాడు. పదకొండేళ్లలో ఆ యార్డులో అతను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. "బిట్రగుంటలో మా ఇంటి కాడ ఒక్క నిమిషం ఆపండి. పుష్పకి చెప్పి వస్తా," అన్నాడు. చివరి వరసలో కూర్చుని బెల్టు చివరికంటా లాగి చూశాడు. శుభ్రంగా ఉంది. పెట్టుకున్నాడు.

దుర్గ క్లచ్ మీంచి కాలు మెల్లగా తీస్తూ బండి ఆగిపోకుండా రోడ్డెక్కించింది. ఇంజన్ శబ్దం సాఫీగా ఉంది. క్రీస్తుదాసు వెనకద్దంలోంచి చూశాడు. శివశంకర్ తెల్ల బండి దగ్గరికి నడిచి, అద్దం మీది రేటు కాగితాన్ని చించి, దాన్ని చేతిలో నలుపుతూ అక్కడే నిలబడ్డాడు. అతని వెనక అద్దాల గది తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల మీద, చెమటకి నల్లబడిన దారం ముక్కతో సహా, గేటు తాళంచెవి పెట్టినచోటే ఉంది.