సీసపు రేకు మీద గుర్రం పేరు

పది రోజుల కిందట రొగాత ఒక సీసపు రేకు మీద మేకుతో గెతులస్ పేరు గీసి, కడలిలో మునిగి చచ్చిన పడవవాడి సమాధిలో దూర్చి వచ్చింది. గెతులస్ రథాల పందాల్లో నీలం జట్టు గుర్రం. నాలుగింటిలో ఎడమ చివర కట్టే గుర్రం. మలుపులో రథం బతుకంతా దాని కాళ్ళ మీదే ఉంటుంది. రొగాత మొగుడు నంఫామో ఆకుపచ్చ జట్టుకి తోలుతాడు. కిందటి రెండు పందాల్లోనూ ఆ గుర్రమే అతన్ని గోడకేసి రాచింది. కార్తేజ్‌లో సారథి పెళ్ళాం ఎవరు అలాంటి శాపపు రేకు పాతిపెట్టలేదో చెప్పమనండి, చూద్దాం!

ఇవాళ పందెపు మైదానం గుమ్మం దగ్గర అమ్మకానికి గుగ్గిళ్ళ గంప దించగానే ఆ మాట చెవిన పడింది. గెతులస్‌ని నిన్న ఆకుపచ్చవాళ్ళు కొనేశారట. గంప చంకనేసుకుని రొగాత రథాల కొట్టంలోకి పరుగెత్తింది.

నంఫామో అప్పటికే పగ్గాలు నడుముకి చుట్టుకుంటున్నాడు. పగ్గాలన్నీ ఒంటికి కట్టుకుని, వెనక్కి వాలి తోలడం అక్కడి పద్ధతి. పడితే కోసుకోవడానికి బొడ్లో వంకీ కత్తి ఉంటుంది.

"చూశావటే, ఎవరొచ్చారో!" అని గెతులస్ మెడ చరిచాడు. "ఇక నీలంగాళ్ళు మన దుమ్ము మింగాల్సిందే."

"దాన్ని విప్పెయ్యి. నువ్వు తోలమాకు."

"పిచ్చి పట్టిందా?"

నోరు మూసుకుని ఉంటే బాగుండేదని తరువాత ఎన్నిసార్లు అనుకుందో. అప్పుడు మాత్రం ఆగలేకపోయింది. "దాని పేరు రాసి పాతిపెట్టానయ్యా. మలుపులో రథం ముక్కలవ్వాలని, తోలేవాణ్ణి ఈడ్చి చంపాలని రాశాను."

"ఆ నీలంగాడి పేరు రాయలేదా?"

"వాడి తల్లి పేరు తెలీలేదు. తల్లి పేరు లేందే కింద దయ్యాలు మనిషిని పోల్చుకోలేవు కదా. అందుకని, తోలేవాడెవడైతే వాడు అని రాశాను."

నంఫామో మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నవ్వబోయాడు. "నీ కోడి గీతలు దయ్యాలకైనా అర్థమవుతాయటే?" అంతలో బూర ఊదారు.

ఏడు చుట్లు. మొదటి చుట్టులోనే ఎర్ర జట్టు రథం గోడకి కొట్టుకుని, సారథి తల పగిలింది. జనం ఇంకా కావాలని అరిచారు. గెతులస్ మాత్రం ఒక్క అడుగు తడబడలేదు. ఆరో చుట్టుకి నంఫామో అందరికన్నా ముందున్నాడు. అతని చూపు మాత్రం దారి మీద లేదు, ఆ గుర్రం కాళ్ళ మీదే ఉంది. అది చూసి రొగాత జనాన్ని తోసుకుంటూ మైదానం అంచుకి పరుగెత్తింది.

చివరి మలుపులో, ఎర్ర రథం నుంచి విరిగిపడ్డ చక్రం ముక్క మీద గెతులస్ కాలు పడి జారింది. వెంటనే నిలదొక్కుకుంది కూడా. కానీ నంఫామో అప్పటికే ఆ గుర్రాన్ని వదిలించుకోవడానికి కత్తి దూసేశాడు.

"వద్దయ్యా! కొయ్యొద్దు!" అని రొగాత గొంతు చించుకుంది. అన్ని వేల గొంతుల్లో ఆ గొంతెవరికి వినబడుతుంది?

గెతులస్‌ని రథానికి కట్టిన తాడు, దాని పగ్గం తెగిపోయాయి. లోపలివైపు ఆపే గుర్రం లేక మిగతా మూడూ ఎడమకి విరుచుకుపడ్డాయి. ఇరుసు మలుపు రాయికి తగిలి రథం పుల్లలైపోయింది. కత్తి ఎగిరి ఎక్కడో పడింది. పగ్గాలు నడుముకి బిగిసి ఉన్నాయి.

మూడు గుర్రాలు అతన్ని ఈడ్చుకుపోయాయి. నంఫామో చెయ్యి బొడ్లో కత్తి కోసం వెతుకుతూనే ఉంది. వెనక వచ్చిన నీలం రథం అతని రెండు కాళ్ళ మీద నుంచి వెళ్ళింది. భుజం ఊడింది, మొహం ఇసుకకి గీరుకుపోయింది. గుర్రాలను ఆపేసరికి ఆ చెయ్యి కదలడం మానేసింది.

జనం చూపు అక్కడ లేదు. గెతులస్ ఒంటరిగా పరిగెత్తి, అందరికన్నా ముందు గీత దాటింది. మైదానమంతా లేచి నిలబడి దాని పేరే అరిచింది.

రొగాత ఇసుకలోకి దూకి, కత్తి వెతికి తెచ్చి, మొగుడి నడుముకున్న పగ్గాలు ఒక్కొక్కటీ కోసింది. కోసి ఇక లాభం లేదని తెలిసినా కోసింది. ఆమె చంకలో గంప ఇంకా ఉంది. తెగిన తాడు ఈడ్చుకుంటూ గెతులస్ వచ్చి, అందులో మూతి పెట్టి గుగ్గిళ్ళు నమలసాగింది. ఒంటి మీద గీత కూడా పడలేదు.

కత్తి పట్టుకున్న చెయ్యి పైకి లేచింది. గుర్రం బెదరలేదు. రొగాత చెయ్యి దించేసింది.

"తినమ్మా," అంది. "నువ్వు పడలేదు. ఆయన్ని నేనే పడేశాను."