వంపు మెట్ల లోపలి అంచు

తొమ్మిదో మెట్టు, మళ్ళీ తొమ్మిదో మెట్టే, లోపలి అంచున పద్దెనిమిది సెంటీమీటర్లు, బయటి అంచున యాభై ఎనిమిది, విసనకర్ర విప్పినట్టు, నిబంధన కొలవమన్నది లోపలి అంచుకు ముప్పై సెంటీమీటర్ల ఇవతల, అక్కడ ఇరవై ఆరు ఉండాలి, ఇరవై ఆరే ఉంది, మా భవన నక్షాల ఆఫీసులో దారిమ్ మనుషులు నడిచే గీతను సరిగ్గా అక్కడే గీసింది, కంప్యూటర్ స్క్రీన్ మీద ఎక్కడా ఎర్ర గుర్తు లేదు, మరి యో సంగ్మి ఎందుకు పడింది, సంక్షేమ కేంద్రం పై అంతస్తు వంటగది నుంచి వృద్ధులకు భోజనం డబ్బాలు తెస్తూ ఒక చేత్తో కమ్మీ పట్టుకునే దిగిందట, చీలమండ మూడు చోట్ల విరిగింది, ఆరు నెలలు ఆ కాలు మోపకూడదన్నారట, ఇక్కడ నా బల్ల మీద ఈ కాగితం, ఈ మెట్ల కంప్యూటర్ మోడల్ తయారు చేసిన సొక్ దారిమ్ అనే నేను తగిన శ్రద్ధ వహించనందుకు ఇచ్చుకునే సంజాయిషీ, సంతకంగా దారిమ్ ముద్ర అప్పుడే పడింది, దాని కింద తనిఖీ చేసినవారు గుక్ మ్యాంగ్జా అని నా పేరు, పక్కన ఖాళీ, పదకొండింటికి సమావేశం, ఇప్పుడు పదీ ఇరవై, ఆ ఖాళీలో నా ముద్ర పడితే ఇరవై తొమ్మిదేళ్ళ ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, తేగు నగరంలో మరో ఆఫీసు ఆమెకు తలుపు తీయదు.

వేయను, నలభై ఏళ్ళుగా గీతలు తనిఖీ చేస్తున్నాను, తప్పు ఎవరిదో వారి పేరే రాయాలి, నిన్న బాన్ డైరెక్టర్ ఈ గుమ్మానికి ఆనుకుని ఏమన్నాడు, గుక్ గారూ, సంక్షేమ కేంద్రంవాళ్ళు కాచుక్కూర్చున్నారండీ, ఎవరిదో ఒకరి పేరు చూపించాలి కదా, ఆ అమ్మాయిది చిన్న వయసు, ఎక్కడైనా బతికేస్తుంది, అయినా మీరేంటండీ పొద్దున్నుంచీ ఆ మెట్లే లెక్కపెడుతున్నారు, మెడలో జపమాల చాలదా, అని నవ్వాడు, నవ్వనీ, వంపును అటు తిప్పించింది తనే కదా, పత్రాలు దాఖలు చేయడానికి వారం ముందు వచ్చి, గుమ్మంలోంచి చూస్తే కొండ కనబడాలండీ, అద్దంలో చూసినట్టు మొత్తం అటు తిప్పేయండి అన్నాడు, ఒక్క నొక్కుతో పంతొమ్మిది మెట్లూ తిరిగిపోయాయి, కొలతల్లో పొల్లు కూడా మారలేదు, అక్కడే ఉంది కీలకం, అక్కడే పట్టుకోవాలి ఇతణ్ణి, తెర మీది బొమ్మ మనిషిని మళ్ళీ పై మెట్టున నిలబెట్టాను, దించుతున్నాను, హాయిగా దిగుతున్నాడు, ఐదు, ఆరు, ఏడు, పాదం మొత్తం పట్టేంత చోటు, మళ్ళీ దించాను, మళ్ళీ హాయిగానే, ఎలా నిరూపించను, పదీ ముప్పై ఐదు.

దారిమ్ లోపలికి వచ్చింది, కళ్ళు వాచి ఉన్నాయి, మేడమ్, బార్లీ టీ తెచ్చాను, చల్లారిపోతుంది తాగండి అంటుంది, ముద్ర ఎందుకు వేశావే తెలివితక్కువదానా అంటే, వెయ్యకపోతే మీ పేరు రాస్తామన్నారు మేడమ్, వచ్చే ఏడు మీ పదవీ విరమణ కదా, అంది, నాకు కోపం వచ్చింది, నా తరఫున జాలిపడమని నిన్నెవరు అడిగారు, ఇలా కూర్చో, ఈ మనిషిని నువ్వు దించు, ఎక్కడ తూలుతాడో చూపించు, అన్నాను, ఆమె మౌస్ అందుకుంది, ఆ మనిషి దిగుతూ దిగుతూ లోపలి కమ్మీని రాసుకుంటూ సన్నటి కొసల మీదికి పోయాడు, అటెందుకు పోనిస్తావు, సరిగ్గా నడిపించు అని గదమాయించాను, సరిగ్గానే నడిపిస్తున్నాను మేడమ్, కుడి పక్కనే కదా దిగాలి.

కుడి పక్క, అవును, మెట్రోలో బాణాలు, బడిలో పిల్లలు, ఈ దేశమంతా పదిహేనేళ్ళ నుంచి కుడి పక్కనే నడుస్తోంది, నా కాళ్ళు మాత్రం ఇంకా కాన్వెంటు వరండాలోనే ఉన్నాయి, సిస్టర్ వెరోనికా బెత్తం గోడకు తాటించి ఎడమ, ఎడమ, అమ్మాయిలూ ఎడమ పక్క అంటుంటే వరుసగా నడిచిన కాళ్ళు, అందుకే వంపు తిప్పకముందు, లోపలి అంచు ఎడమన ఉన్నప్పుడు, ఈ మెట్లు నాకు ఇరుకనిపించాయి, తిప్పాక అది కుడికి పోయి విశాలమయ్యాయి, తెర మీది మనిషినీ ఎడమనే దించుతూ వచ్చాను, తిప్పాకే బాగుందని ఈ నోటితోనే అన్నాను, ఆ రోజూ ఈ పిల్ల ఇక్కడే నిలబడి, మేడమ్, ఇప్పుడు దిగేవాళ్ళంతా లోపలి వైపుకు వస్తారేమో, అక్కడ మెట్టు కాస్త వెడల్పు చేద్దామా అని అడిగింది, నేను తల ఎత్తకుండానే, అటు ఎవరూ నడవరు, పంపించేయ్, అన్నాను, అది తలపుకు రాకుండా ఇన్నాళ్ళూ ఎంత భద్రంగా దాచుకున్నాను, కొండ చూడాలనుకోవడం బాన్ నేరం కాదు, అతని మీద నాకెంత కోపమున్నా కాదు, సరిచూసే పని నాది, దారిమ్ ఏమిటోనని నా ముఖం వంక చూస్తోంది, టీ చల్లారిపోయింది, పదీ యాభై, ఆమె అడిగింది, నేను వద్దన్నాను, ఈ రెండు ముక్కలూ అందరి ఎదుట చెప్పవలసింది నేనే.