దేవకృప చెప్పిన ఆట

తోటి పంతులు జ్ఞానశేఖర్ క్రికెట్ పాసు చేతిలో పెట్టబోతే జకర్యా వెంటనే అందుకోలేదు.

"విదేశపు జట్టు మళ్ళ సికింద్రాబాదుకొస్తున్నది సార్. సెలవునాడు ఇంట్ల ఒక్కరే కూసొని ఏం జేస్తరు? పోయి చూసి రాండ్రి."

భార్య దేవకృప పోయి అయిదు నెలలు. మేడ్చల్ మిషన్ బడిలో జకర్యా లెక్కలు చెప్పేవాడు, ఆమె ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. జ్ఞానశేఖర్‌కు తెలియక కాదు, తెలిసే ఇస్తున్నాడు. జకర్యా పాసు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆరేళ్ళ కిందట ఇలాగే ఒక జట్టు వచ్చింది. అందులోని పొడుగాటి బ్యాట్స్‌మన్ బొమ్మను అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పేపర్లోంచి కత్తిరించి మేజా సొరుగులో అంటించుకున్నాడు జకర్యా. అతని ఆట ఒక్కసారి కళ్ళారా చూడాలని పెళ్ళికి ముందు నుంచీ కోరిక. పోలీసు యాక్షన్ నాటి గడబిడలో ఊరు దాటడానికే జనం జంకారు. రోజులు కుదుటపడ్డాక ఆ జట్టు వస్తున్నదని చదివి, "నువ్వు సుత రావాలె," అన్నాడు భార్యతో.

"నాకా ఆట ఏం తెలుసు సారూ?" అంది. ఆయనను ఎగతాళి చేయాలనిపించినప్పుడల్లా సారూ అనేది. అయినా తెల్లవారకముందే లేచి పూరీలు చేసి టిఫినుకు కట్టింది.

సికింద్రాబాదు స్టేషన్‌లో దిగేటప్పుడు ఎవరి మోచెయ్యో తగిలి జకర్యా కళ్ళజోడు కింద పడింది. ఫ్రేము రెండు ముక్కలైంది. జోడు లేకపోతే చాచిన చేతికి అవతల ఆయనకు అంతా మసకే. రెజిమెంటల్ బజార్‌లో కళ్ళద్దాల భద్రయ్య ముక్కలు రెండూ తిప్పి చూశాడు.

"అద్దాలు సలామత్ ఉన్నయ్. కొత్త ఫ్రేముల కూసోబెట్టాలె. పగటి అన్నం యాళ్ళకు రాండ్రి."

"ఆట పదిన్నరకే షురూ అయితది," అన్నాడు జకర్యా. పదేళ్ళ కోరిక, ఇంత దూరం వచ్చి.

"పోదాం పాండ్రి," అంది దేవకృప. "మీ కండ్లకు బదులు నా కండ్లున్నయ్ గద."

జింఖానా మైదానంలో తడిక పక్కన చోటు దొరికింది. ఆయన ముందు ఎండలో తెల్లటి చుక్కలు కదులుతున్నాయి. పక్కన ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

"ఒకాయన ఉరికొస్తుండు. కొత్త పిల్ల సూదిల దారం ఎక్కియ్యబోయినట్టు కన్ను చిన్నగ చేసి మూడు కట్టెల్నే చూస్తుండు. ఏసిండు. అవతలాయన కొట్టలే, ఊకె చూసి ఇడిసిండు."

"బంతి ఎడమకు పోయిందా, కుడికా?"

"నాకేం తెలుసు? మన బడి బావి దిక్కు అనుకోండ్రి. ఇంకో ఇద్దరు డాక్టర్లు నిలవడ్డరు తెల్లకోట్లతోని. ఎవ్వరికీ దెబ్బ తగల్లే, ఎందుకున్నరో."

జకర్యా నవ్వాడు. "వాళ్ళు అంపైర్లు."

"అయితే ఒక అంపైరు రెండు చేతులు పైకి లేపిండు, దుకాణంల సామాను దించినట్టు."

"ఆరు పరుగులు."

"మీ పొడుగాయనే. బంతి పోతుంటే పరేషాన్ లేదు ఆయనకు, గడపల నిలబడి ఎవరొస్తున్నరో చూసినట్టు చూస్తుండు."

భోజనాల వేళ ఆమె ఒక్కతే రెజిమెంటల్ బజార్‌కు వెళ్ళింది. ఆయన కదిలితే చోటు పోతుంది. ఆట తిరిగి మొదలయ్యాక చెమటతో వచ్చి జోడు చేతిలో పెట్టింది. ఆయన పెట్టుకున్నాడు. పచ్చిక, తెల్లని బట్టలు, కోరుకున్న ఆ పొడుగాటి మనిషి, అన్నీ ఒక్కసారిగా తేటపడ్డాయి. పక్కకు తిరిగాడు. దేవకృప కొంగుతో మెడ తుడుచుకుంటూ మైదానం వైపే చూస్తోంది. ఏదో చెప్పబోయి, ఇక అవసరం లేదని ఆగినట్టు పెదవులు మూసుకుంది.

జకర్యా జోడు తీసి జేబులో వేసుకున్నాడు.

"సరిగ్గ లేవు. మసకనే ఉంది. నువ్వే చెప్పు."

సాయంత్రం దాకా ఆమె చెప్పింది. ఆయన విన్నాడు.

తిరుగు బండిలో స్టేషన్ల పేర్లు కూడా ఆమే చదివింది. "అల్వాల్," అని, కిటికీ వైపే చూస్తూ అంది: "టేసన్‌ల నేను నీళ్ళు తాగుతుంటే జోడు పెట్టుకొని గడియారం చూసిండ్రు."

ఆయన జేబులోని జోడు తడుముకున్నాడు.

"కండ్లు కనబడంగ నాతోని పొద్దంతా ఎందుకు చెప్పిచ్చిండ్రు సారూ?"

"గొంతు నొప్పి పుట్టిందా?" అన్నాడు నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది. జవాబు ఇంటికెళ్ళాక చెప్పొచ్చనుకున్నాడు. ఇంటికెళ్ళాక దీపం, వంట, మర్నాటి కాపీ పుస్తకాలు. తర్వాత ఆ ప్రశ్న ఆమె మళ్ళీ అడగలేదు.

ఈసారి ఆటనాడు జకర్యా ఒక్కడే ఉదయం బండి ఎక్కాడు. జోడు ముక్కు మీదే ఉంది. బొల్లారం దాటింది. కొంతసేపటికి పసుపు బోర్డు కిటికీ ముందుకు వస్తే, తెలియకుండానే పైకి చదివాడు.

"అల్వాల్."

ఎదుట మూటతో కూర్చున్న ముసలామె తలెత్తింది. "నాకే చెప్తున్నవా పంతులూ? మల్కాజిగిరి వస్తే సుత జెర చెప్పు నాయనా. నా కండ్లకు బోర్డులు ఆనయి."

"చెప్తనమ్మా," అన్నాడు జకర్యా.

బండి కదిలింది. కిటికీలోంచి చూస్తూ, "ఇప్పుడు చెరువు కట్ట పక్కపొంటి పోతున్నం," అన్నాడు. "కట్ట మీద ఎవరో చీరలు ఆరేసిండ్రు."

"ఏం రంగులు?" అంది ముసలామె.