సగటులో కలవని తండా

గీత చున్నీ చెంగుతో కీబోర్డు మీది దుమ్ము తుడిచి ప్రోగ్రామ్ మళ్లీ నడిపింది.

తెర మీద పేర్లు దిగాయి. ఒక వైపు ఊళ్లు, ఒక వైపు నెలలు, మూడో వైపు బోరు, బావి. ఊరి పేరు, నెల పేరు రాసి అడిగితే అక్కడ నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అంకె వచ్చేది. పేరు తీసేస్తే ఆ అంకె ఎవరిదీ కాదు.

మానుకోటలోని ఆ ప్రైవేటు సర్వే ఆఫీసులో ఆమె ఆపరేటరు. దుర్గయ్య ఊరూరా తిరిగి బావుల్లో టేపు వదిలి కొలతలు ఫోన్లో చెప్పేవాడు. వాటిని ఆ పేర్ల కింద చేర్చడమే ఆమె పని. వంగి వంగి భుజాలు ముందుకు పడిపోయాయి. ఎండకు పెదాలు చిట్లాయి. ఎర్రకుంట తండా ఆమెది. తల్లి పోయాక పెద్దమ్మ లచ్చి పెంచింది. నిరుడు తండా బోరు ఎండినప్పటి నుంచి లచ్చి రోజూ దూరపు వ్యవసాయ బావికి నీళ్లకు పోతోంది.

ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేక గీత ట్రాక్టరెక్కి వచ్చింది. యజమాని శ్రీధర్ దీక్షా శిబిరం నుంచి నేరుగా వచ్చాడు. నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయింది.

“తండాల పేర్లు తీసెయ్. పెద్దూర్లల్ల కలిపి సగటు తియ్. రిపోర్టు సాఫ్‌గ ఉంటది.”

గీత వేళ్లు ఆగిపోయాయి. పెద్దూరికి చెరువుంది, దాని బోర్లలో నీళ్లు పైకే ఉన్నాయి. తండాలో అడుగంటాయి. రెండూ కలిపితే అందరికీ నీళ్లున్నట్టే.

“నిరుడు గట్లనే తీసినం సార్. నీళ్లున్నయని సర్కారోళ్లు రాసుకొని మా తండకు బోరు ఇయ్యలే.”

“గదంత మనకెందుకు? చెప్పింది చెయ్.”

ఆమెకు ఒళ్లంతా మండింది.

“పొద్దుగాల టెంట్ల కూసోని మన నీళ్లు మనయే అన్నరు కద! గా ‘మన’ల మేం లేమా?”

“నోరు బాగ లేస్తుందేంది?”

“లేస్తది. మమ్ములను తీసేటందుకు నాకు చేతులు రావు. రిపోర్టు పేర్లతోటే సర్కారుకు పంపిన, జర సేపయింది.”

శ్రీధర్ ముఖం నల్లబడింది. “రేపటి సంది రాకు.”

ఆమె జవాబు చెప్పేలోపే ఫోను మోగింది. తమ్ముడు ప్రకాశ్ తండా భాషలో రెండు ముక్కలే చెప్పాడు. నీళ్లు తోడుతూ లచ్చి బావిలోకి జారిపోయింది. పైకి తీసేసరికి ప్రాణం లేదు.

“ఏమైంది?” అన్నాడు శ్రీధర్.

గీత లేచి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తడి లేదు.

“ఎర్రకుంట తండా, మే నెల. బాయి ఎంత లోతున్నదో మా పెద్దమ్మ చూసొచ్చింది. గిది గుడ సగటుల కలుపుకోండ్రి.”

ఎండలో నడిచి, దొరికిన బండెక్కి బావి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. లచ్చిని అప్పటికే ఇంటికి తీసుకుపోయారు. జనం తొక్కిన మట్టిలో అడుగుల గుర్తులున్నాయి. ఒరుసుకుపోయిన గట్టు మీద, రెండో బిందెకు తోడేందుకు వంగకముందే లచ్చి నింపి పెట్టుకున్న మొదటి బిందె, అంచు దాకా నీళ్లతో, ఎవరూ ముట్టకుండా అలాగే ఉంది.